సుఖవ్యాధులును సంఘపు మౌనమును

"ఇట్టి మాటలు మందిరములో ఎత్తకూడదు" అని సంఘపెద్దలు కొందరు చెప్పుచున్నారు. వారిని గౌరవించుచునే అడుగుచున్నాను: మందిరములో ఎత్తకూడనిచో మన పిల్లలు వీటిని ఎక్కడ నేర్చుకొనవలెను? బస్‌స్టాండు గోడమీద గుప్తరోగముల వైద్యుడు అంటించిన కాగితములోనా?

పొలము తాకట్టుపెట్టి మనము పంపిన కుమారులును కుమార్తెలును నేడు కూకట్‌పల్లి హాస్టళ్లలో ఉండి కంప్యూటరు పని నేర్చుకొనుచు, హైటెక్ సిటీలో ఉద్యోగములు చేయుచున్నారు. వారిలో అనేకులు నీతిగా బ్రతుకుచున్నారు. కొందరు తప్పిపోవచ్చును. అది పట్టణపు పాపము, మన పల్లెకు రాదు అనువారు సంక్రాంతికి వచ్చు బస్సులను చూడలేదు కాబోలు! అయినను పల్లె ఈ వ్యాధులను ఎన్నడు ఎరుగనిది? సవాయి, సెగ అను పేర్లు మన తాతల నాటివి. సాఫ్టువేరు కంపెనీలు తెచ్చినవి కావు.

సవాయి, అనగా సిఫిలిస్, మొదట నొప్పిలేని పుండుగా కనబడును. కొన్ని వారములలో మందు లేకయే అది మానును. "నా లేహ్యముతో పోయినది" అని నాటువైద్యుడు రూకలు పుచ్చుకొనును. అది పోలేదు, ఒంటిలో దాగియున్నది. పిమ్మట దద్దురులు వచ్చి అవియు పోవును. ఏండ్లు గడచిన తరువాత గుండెను, మెదడును పాడుచేయవచ్చును. గర్భిణికి ఉన్నయెడల బిడ్డ కడుపులోనే చనిపోవచ్చును. ఇంత ఘోరమైన దానికి పెన్సిలిన్ పనిచేయునని 1943లోనే తెలిసినది. తొలిదశలో సాధారణముగా ఒక్క ఇంజెక్షను చాలును.

సెగయు క్లమీడియాయు స్త్రీలలో బహుసార్లు ఏ సూచనయు చూపవు. లోలోపల గర్భనాళములు మూసుకొనిపోవచ్చును. అప్పుడు లోకము ఆమెను గొడ్రాలనును. రోగము తెచ్చిన భర్తను ఎవరును ఏమియు అనరు. గడప దాటని ఇల్లాలికి భర్తవలననే ఎచ్.ఐ.వి. వచ్చిన ఇండ్లు మన జిల్లాలలో ఎన్ని లేవు? ఆమె ఏ పాపము చేసెనో పెద్దలు చెప్పగలరా?

కొన్ని సంఘములలో వివాహమునకు ముందు ఎచ్.ఐ.వి. కాగితము అడిగి, దానితో తృప్తిపడుదురు. ఆ కాగితము సవాయి సంగతి చెప్పదు. తప్పు జరిగిన కొలది దినములకే పరీక్ష చేయించినయెడల ఎచ్.ఐ.వి. సంగతియు నిజము చెప్పదు. సాధారణ పరీక్షలో తెలియుటకు మూడు నెలల వరకు పట్టవచ్చును. ఇక ఆ కాగితము పెద్దల బల్లమీద పదిమంది చేతులు మారుట కేవలము అన్యాయము. 2017లో చేయబడి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న చట్టము ప్రకారము సమ్మతి లేక ఈ పరీక్ష చేయరాదు, ఒకరి ఫలితము మరియొకరు బయటపెట్టరాదు. సంఘపెద్దకు ఇందులో మినహాయింపు లేదు.

వరుడును వధువును తామే ఇష్టపడి వెళ్లి ఎచ్.ఐ.వి., సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు చేయించుకొని, ఫలితము ఒకరికొకరు చెప్పుకొనుట మంచిది. గర్భిణి ప్రతి కానుపుకును తొలి నెలలలోనే చేయించుకొనవలెను. పుండు, స్రావము, మూత్రములో మంట ఉన్నవారు ఒక్క దినమును ఆగవద్దు. అపాయకరమైన కలయిక జరిగినవారు 72 గంటలలోగా వైద్యుని చేరినయెడల ఎచ్.ఐ.వి. అంటకుండ మందు ఇయ్యవచ్చును. ఏ బాధయు లేకున్నను వారు ఇప్పుడొకసారి, మూడు నెలలకు మరల ఒకసారి పరీక్షించుకొనవలెను. మందు భార్యాభర్తలిద్దరును కలిసి వాడవలెను. ఒకరే వాడినయెడల వ్యాధి మరల తిరిగివచ్చును.

డిచ్‌పల్లిలో మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠరోగులకు ఆసుపత్రి స్థాపించినదని మనము సభలలో గర్వముగా చెప్పుకొందుము. కుష్ఠునకు తలుపు తెరచిన మనమే ఎచ్.ఐ.వి. గల సహోదరికి ప్రభురాత్రి భోజనపు గిన్నె వేరుగా ఉంచవలెనని వాదించుట ఎట్లు? అది గిన్నెవలన అంటునది కాదు. 2004 నుండి ప్రభుత్వము దానికి మందులు ఉచితముగా ఇచ్చుచున్నది. మందు మానక వాడి, రక్తములో క్రిమి కనబడనంతగా అణగినవారి వలన కలయికలో సహితము అది అంటదు.

హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులలోను, జిల్లాలలో ప్రభుత్వ ఆసుపత్రులలోను పరీక్ష ఉచితము. సుఖవ్యాధులకు సురక్ష క్లినిక్కులు కలవు. సందేహమున్నవారు 1097 నంబరునకు ఫోను చేయవచ్చును. అందుకు రుసుము లేదు.