తీర్పు తప్పితే శిక్ష ఎవరికి?

2021 జూలై 29న టోక్యో ఒలింపిక్స్‌లో మన మేరీ కోమ్, కొలంబియా క్రీడాకారిణి ఇంగ్రిట్ వాలెన్సియా తలపడ్డారు. మనలో చాలామందిమి ఆ పోటీని టీవీ ముందు ఊపిరి బిగబట్టి చూశాం. ఆఖరి గంట మోగేసరికి మేరీ గెలిచిందనే అనుకున్నాం. మేరీ కూడా అలాగే అనుకుంది. ఓడిపోయానన్న సంగతి రింగ్ దిగి వచ్చాక, కేంద్ర మంత్రి కిరణ్ రిజిజు ట్వీట్ చూశాకే అర్థమైందని ఆమె తర్వాత చెప్పింది.

ఆ రోజు దేశమంతా ఒకటే మాట, అన్యాయం! మూడు రౌండ్లలో రెండు గెలిచిన మనిషి ఎలా ఓడుతుంది? అడగవలసిన ప్రశ్నే. కానీ జవాబు కోసం ఆగినవారు ఎందరు? రింగ్ చుట్టూ ఐదుగురు జడ్జీలుంటారు. ప్రతి రౌండ్‌లోనూ పైచేయి అయినవారికి 10, రెండోవారికి మామూలుగా 9 వేస్తారు. ఎవరి లెక్క వారిదే. మూడు రౌండ్ల మార్కులూ కూడాక ఎక్కువమంది జడ్జీల లెక్కలో ఎవరు ముందుంటే వారిదే గెలుపు. ఆ రోజు తొలి రౌండ్‌లో నలుగురు వాలెన్సియా వైపు మొగ్గారు. తర్వాతి రెండు రౌండ్లలో ముగ్గురేసి మేరీ వైపున్నారు. అంటే మొత్తం 15 నిర్ణయాల్లో వాలెన్సియాకు 8, మేరీకి 7. చివరికి 3–2 తేడాతో మేరీ ఓడింది. బాధ కలిగించే ఫలితమే, కానీ దోపిడీ కాదు. అయినా మన కోపం లెక్కలు చూడలేదు. మన మనిషి ఓడింది కాబట్టి తీర్పు తప్పు అనుకున్నాం. అదే తేడాతో వాలెన్సియా ఓడి ఉంటే మనలో ఒక్కరైనా అన్యాయమని అనేవారా?

అలాగని అభిమానుల కేకలన్నీ వట్టివని కాదు. 2016 రియో ఒలింపిక్స్ తర్వాత అక్కడ పనిచేసిన 36 మంది రిఫరీలు, జడ్జీలను పక్కన పెట్టారు. 2021లో రిచర్డ్ మెక్‌లారెన్ నివేదిక, ఆ పోటీల్లో ఫలితాలను తారుమారు చేసే ఏర్పాటే నడిచిందని తేల్చింది. జనం గట్టిగా అడగకపోతే అలాంటివి బయటికి రావు. న్యాయం తప్పినచోట నోరు విప్పడం తప్పు కాదు. అయితే ఆ కోపం ఎవరి మీదికి పోతుందన్నదే మనం ఆలోచించవలసిన సంగతి.

2012 జూన్ 9న లాస్‌వేగాస్‌లో మానీ పాకియావో, తిమోతి బ్రాడ్లీ పోటీపడ్డారు. ఫిలిప్పీన్స్ ముద్దుబిడ్డ పాకియావో అంతకు కొద్దికాలం ముందే జూదం, తాగుడు వదిలి బైబిలు పట్టుకున్నాడన్న వార్త సంఘాల్లో కూడా సంతోషంగా చెప్పుకున్నదే. పంచ్‌ల లెక్క తీసే కంప్యూబాక్స్ ప్రకారం పాకియావో కొట్టిన దెబ్బలు 253, బ్రాడ్లీ కొట్టినవి 159. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు మాత్రం 115–113తో బ్రాడ్లీ గెలిచాడన్నారు. అరేనా అంతా గగ్గోలు. డబ్ల్యుబిఓ సంస్థ ఐదుగురితో ఆ పోటీ వీడియోను మళ్లీ చూపించి లెక్క వేయిస్తే, ఐదుగురూ పాకియావోనే విజేత అన్నారు. ఫలితం మాత్రం మారలేదు. పాకియావో ఆ రాత్రి తీర్పును గౌరవిస్తానని చెప్పి ప్రశాంతంగా వెళ్లిపోయాడు.

మరి బ్రాడ్లీ? రెండు పాదాలూ దెబ్బతిని చక్రాల కుర్చీలో విలేకరుల ముందుకొచ్చాడు. అతను చేసిన నేరమేమిటి? పన్నెండు రౌండ్లూ నిలబడి పోరాడాడు. మార్కులు తను వేసుకోలేదు. అయినా చంపుతామన్న బెదిరింపులు అతనికే వచ్చాయి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు కూడా వచ్చాయని తర్వాత అతనే చెప్పుకున్నాడు. తన సత్తా చూపాలన్న కసితో 2013 మార్చిలో రుస్లాన్ ప్రొవోద్నికోవ్‌తో ఎదురెదురు నిలబడి దెబ్బలాడాడు. గెలిచాడు గానీ తలకు తగిలిన దెబ్బల ప్రభావం చాలాకాలం వదల్లేదు. 2014లోనూ 2016లోనూ పాకియావో అతన్ని ఓడించాడు. ఆ రెండుసార్లూ ఫలితం మీద గొడవే లేదు.

ఇది బాక్సింగ్‌కే ఉన్న జబ్బు అనుకోనక్కర్లేదు. సండే స్కూలు బైబిల్ క్విజ్ రోజున, మొదటి బహుమతి వచ్చిన పిల్లవాడిని పలకరించకుండా ముఖం తిప్పుకుని పోయిన పెద్దలను మనం చూడలేదా? మార్కులు వేసింది ఆ పిల్లవాడు కాదు కదా!

2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మన సరితా దేవికి జరిగింది కూడా గుర్తుంది. సెమీఫైనల్లో ఆతిథ్య దేశమైన కొరియా అమ్మాయి పార్క్ జినాను గట్టిగా కొట్టినా, ముగ్గురు జడ్జీలూ పార్క్‌కే గెలుపు ఇచ్చారు. పతకాల వేదిక మీద సరిత ఏడుస్తూ తన కాంస్యాన్ని తీసి పార్క్ మెడలో వేసింది. మనమంతా చప్పట్లు కొట్టాం. అంతర్జాతీయ సంఘం సరిత మీద ఏడాది నిషేధం వేస్తే మండిపడ్డాం. సరిత దుఃఖం నిజమైనదే. అయితే ఆ పతకాన్ని తిరిగి ఇవ్వబోయి, తీసుకునేవారు లేక, ఏంచేయాలో తెలియక నిలబడిన పార్క్ వైపు ఆ రోజు మనం ఎవరం చూడలేదు. మనకు ఆమె దొంగసొమ్ము తిన్న మనిషిలాగే కనిపించింది.

కొరియాలోనే ఆమెకన్నా పాతికేళ్ల పైచిలుకు ముందు ఇంకొక పార్క్ ఉన్నాడు. 1988 సియోల్ ఒలింపిక్స్ లైట్ మిడిల్‌వెయిట్ ఫైనల్లో పార్క్ సి హున్‌కు ఎదురు నిలిచింది 19 ఏళ్ల అమెరికా కుర్రాడు రాయ్ జోన్స్. తగిలిన దెబ్బల లెక్కలో జోన్స్‌వి 86, పార్క్‌వి 32. తీర్పు 3–2తో పార్క్‌కు! లోకం నివ్వెరపోయింది. ఆ క్రీడల్లో అత్యుత్తమ బాక్సర్‌కిచ్చే వాల్ బార్కర్ ట్రోఫీని ఓడిన జోన్స్‌కే ఇచ్చారు. 1992 బార్సిలోనాకల్లా బటన్లు నొక్కి మార్కులు వేసే పద్ధతి వచ్చింది. జడ్జీలు లంచం తిన్నారనడానికి ఆధారం లేదని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1997లో ప్రకటించింది.

జోన్స్ ఆ తర్వాత నాలుగు వెయిట్ విభాగాల్లో ప్రపంచ విజేత అయ్యాడు. పార్క్ మాత్రం సొంత దేశంలోనే నిందలు మోశాడు. ఆట వదిలేసి పిల్లలకు పాఠాలు చెప్పుకున్నాడు, కోచ్‌గా పనిచేశాడు. ఆ బంగారు పతకం అతనికి సుఖమిచ్చిన దాఖలాలు లేవు.

2023లో పార్క్ తన కుమారుడిని వెంటబెట్టుకుని అమెరికా వెళ్లాడు. ఫ్లోరిడా రాష్ట్రం పెన్సకోలాలో జోన్స్ ఇంటికి చేరుకుని, 35 ఏళ్లుగా తన దగ్గరున్న పతకాన్ని తీసి, ఇది నీది అంటూ జోన్స్ చేతిలో పెట్టాడు. జోన్స్ కళ్లనీళ్లు ఆపుకోలేకపోయాడు. ఆ వీడియోను అతను 2025 సెప్టెంబరులో బయటపెట్టేవరకు లోకానికి ఈ సంగతి తెలియనే లేదు. ఒలింపిక్ రికార్డుల్లో విజేతగా ఇప్పటికీ పార్క్ పేరే ఉంది.