డబ్బా ఒకటే, దారులు వేరు



మన సంఘం బిల్డింగులో కింద పొదుపు సొసైటీ ఆఫీసు, పైన పిల్లల కంప్యూటర్ క్లాసు ఉన్నయి. గేటు కాడ కెమెరాలు పెట్టినం. అన్నీ ఒకే నెట్‌వర్క్. పైన ఎవరిదో పెన్‌డ్రైవులో వైరస్ వస్తే, కింద మన పాసుబుక్కుల లెక్కలున్న కంప్యూటర్ దాక దారి తెరిచే ఉన్నది. అవి మన ఆడవాళ్లు బీడీలు చుట్టి దాచిన పైసలు. కమిటీలో కొందరు మూటికీ వేరే స్విచ్చులు, వేరే వైర్లు కొందామంటున్నరు. అంత ఖర్చు అక్కర లేదు.

నేను చదివింది నాలుగో క్లాసు. మా చిన్నోడు పూనాలో ఈ పనే చేస్తడు. వాని పక్కన కూసుని తెలుసుకున్నది రాస్తున్న.

స్విచ్ అంటే వైర్లన్నీ వచ్చి కలిసే డబ్బా. మామూలు స్విచ్‌లో అందరూ అందరికీ అందుతరు. మేనేజ్డ్ స్విచ్ అయితే ఒక్కో పోర్టును ఒక్కో నంబర్ కింద పెట్టొచ్చు. సొసైటీకి 10, క్లాసుకు 20, కెమెరాలకు 30 అనుకోండి. 20లో ఉన్న కంప్యూటర్‌కు 10లో ఉన్నది నేరుగా అందదు. దీన్నే వీ-ల్యాన్ అంటరు. 1 నుంచి 4094 దాక నంబర్లు ఉన్నయి.

కింది స్విచ్ నుంచి పై స్విచ్‌కు పోయే వైరులో మాత్రం అన్ని నంబర్ల సరుకు కలిసే పోతది. మిల్లులో ఒకే బండిలో రెండు రకాల నూలు పోయినా, కోను రంగు చూసి వేరు చేసేటోళ్లం గదా! అట్లనే స్విచ్ ప్రతి మూటకు నంబర్ చీటీ అంటిస్తది. అవతల స్విచ్ ఆ చీటీ చూసి, తీసేసి, ఆ నంబర్ పోర్టుకే ఇస్తది. ఈ దారి పేరు ట్రంక్.

ఆ వైరును ఎలుక కొరికితే? రెండు వైర్లు వేసి ఒక్క దారిగా కట్టొచ్చు. దీన్ని లింక్ అగ్రిగేషన్ అంటరు. ఒకటి తెగితే రెండోది పని నడిపిస్తది. అయితే స్పీడు డబుల్ అయితదని మోసపోవద్దు. పాళీ విడిచినప్పుడు రెండు గేట్లు తెరిస్తే గుంపు తొందరగ ఖాళీ అయితది, కాని ఒక్క మనిషి నడక పెరగదు. ఇదీ అంతే.

ఒక జాగ్రత్త: రెండు దిక్కుల స్విచ్చుల్లో సెట్టింగ్ పెట్టినంకనే రెండో వైరు గుచ్చాలె. ముందే గుచ్చితే ఒకే సమాచారం గుండ్రంగ తిరిగి తిరిగి నెట్‌వర్క్ అంతా ఆగిపోవచ్చు.

ఇంకోటి. ఇంటర్నెట్ కోసం అన్ని నంబర్లూ రౌటర్ కాడ కలుస్తయి. 20 నుంచి 10కి పోవద్దని అక్కడ రూలు పెట్టకపోతే, కింద వేసిన గోడకు పైన తలుపు తీసినట్టే.

అందుకని, పని చేయనీకి వచ్చిన మనిషిని కమిటీవాళ్లు మూడు మాటలు అడగాలె. స్విచ్ మేనేజ్డ్‌దేనా? రౌటర్‌కు వీ-ల్యాన్ తెలుసా, రూలు పెట్టినవా? సెట్టింగులు సేవ్ చేసినవా? కొన్ని స్విచ్చుల్లో సేవ్ చేయకుంటే కరెంటు పోంగనే అన్నీ పోతయి.

బిల్లు ఇచ్చే ముందు క్లాసు కంప్యూటర్ నుంచి సొసైటీ కంప్యూటర్‌ను అందుకొని చూపమనండి. అందకపోతేనే పైసలియ్యండి. క్లాసు పిల్లలను పక్కన నిలబెట్టి చూపించండి. రేపు వాళ్లకు ఇదే కూడు పెట్టే పని కావొచ్చు.