మాట వచ్చింది, కొలత రాలేదు

డిప్రెషన్, యాంగ్జైటీ, ట్రామా, బర్నవుట్, ఓసీడీ. ఇవాళ తెలుగు కుర్రకారు నోట రోజూ దొర్లే మాటలివి. మార్కులు తగ్గితే డిప్రెషన్, మేనేజరు కసిరితే ట్రామా, చేతులు రెండుసార్లు కడుక్కుంటే ఓసీడీ. 2017లో వచ్చిన ‘మహానుభావుడు’ సినిమా ఓసీడీ ఉన్న కథానాయకుడి అతిశుభ్రత చుట్టూ నవ్వులు పండించింది. డాక్టరు చూసేది మాత్రం శుభ్రత ఒక్కటే కాదు. వద్దన్నా చొరబడే ఆలోచనలు, వాటిని అణచుకోవడానికి మళ్లీ మళ్లీ చేసే పనులు, అవి రోజుకు గంటకు పైగా తినేస్తున్నాయా, బతుకును కుంటుపరుస్తున్నాయా అన్నది చూస్తారు. మాట మనదాకా వచ్చింది గానీ, ఆ ‘గంట’ సంగతి రాలేదు. స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకాలూ ఫోన్ యాప్‌లూ ఇలాంటి మాటలకు అర్థం చెప్పి, ఉచ్చారణ దిద్ది, ఒక వాక్యంలో వాడి చూపించి ఊరుకుంటాయి. ఈ మాటలకు అది సరిపోదు. ప్రతి మాటనూ దాని కొలతతో, దాన్ని బట్టి తీసుకోవాల్సిన నిర్ణయంతో కలిపి నేర్పితేనే అది చదువు.

ఎందుకంటే ఈ మాటల్లో తేడా నిఘంటువులో కన్నా నిర్ణయంలోనే ఎక్కువ కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను జబ్బుగా వర్గీకరించలేదు. సరిగా సంబాళించని పని ఒత్తిడి వల్ల, ఉద్యోగానికి సంబంధించి మాత్రమే వచ్చే స్థితి అంది. డిప్రెషన్ అలా కాదు. కనీసం రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం దిగులో నిరాసక్తతో ఉండటం, దానితో పాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతినడం దాని కొలత. డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం అడిగేదీ గడిచిన రెండు వారాల గురించే. పని ఒత్తిడే కారణమైతే సెలవు, పని తగ్గింపు, చివరికి కొలువు మారడం మందు కావచ్చు. డిప్రెషన్‌ను బర్నవుట్ అనుకుని రాజీనామా చేసినవాడికి జీతం పోతుంది, జబ్బు మిగులుతుంది. ఇంకో మెలిక ఉంది. అమెరికా మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథం డీఎస్ఎం-5 ఏ విషయమూ తేల్చుకోలేకపోవడాన్ని డిప్రెషన్ లక్షణాల్లోనే లెక్కిస్తుంది. చదువు మానేయాలా, పెళ్లి సంబంధం వదులుకోవాలా, ఇల్లు అమ్మాలా అని రోజుల తరబడి కొట్టుమిట్టాడే మనిషికి ఆ ఊగిసలాటే జబ్బు గుర్తు కావచ్చు. ఆ సంగతి తెలిస్తే పెద్ద నిర్ణయాన్ని కొన్నాళ్లు వాయిదా వేసి, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలన్న చిన్న నిర్ణయం తీసుకోగలుగుతాడు.

ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియాలన్నా ఈ చదువే కావాలి. బోర్డుల మీద సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్, కౌన్సెలర్ అన్న మూడు మాటలు కనిపిస్తాయి. మనం మూడింటినీ ఒకే గాటన కడతాం. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్‌కు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. పరీక్షలు, థెరపీ ఆయన పని, మందులు కాదు. కౌన్సెలర్ అన్న బోర్డు వెనక మంచి శిక్షణ ఉండవచ్చు, వారాంతపు సర్టిఫికెట్ కోర్సూ ఉండవచ్చు. ఈ తేడా తెలియని కుటుంబం మందులు అవసరమైన మనిషిని నెలల తరబడి మాటలతో సరిపెడుతుంది, లేదా మాట్లాడితే తీరే బాధకు మందుల కోసం తిరుగుతుంది.

చట్టం భాష ఇంకా కీలకం. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం, చికిత్స విషయంలో నిర్ణయం తీసుకునే సామర్థ్యం ఉందో లేదో తేల్చడానికి కొలత ఉంది. సమాచారం అర్థం చేసుకోగలగాలి, లేదా నిర్ణయం వల్ల ఏం జరుగుతుందో గ్రహించగలగాలి, లేదా తన నిర్ణయాన్ని తెలియజేయగలగాలి. ఆ నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన ఆ మనిషికి సామర్థ్యం లేదనడానికి వీల్లేదు. రేపు తనకు ఎలాంటి చికిత్స ఇవ్వాలో, ఎలాంటిది వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకోవచ్చు. బీమా సంస్థలు శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఇవ్వాలి. తన జబ్బు గురించి, చికిత్స గురించి తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు కూడా ఈ చట్టంలోనే ఉంది. కానీ కేస్‌షీటు, డిశ్చార్జ్ సమ్మరీ, బీమా క్లెయిము, కంపెనీ సెలవు ఫారం సాధారణంగా ఇంగ్లిష్‌లోనే చేతికొస్తాయి. ఆ నాలుగు కాగితాలు చదవగలిగేటంత ఇంగ్లిష్ నేర్పడం కన్నా ఉపయోగపడే వొకాబులరీ పాఠం ఏముంటుంది?

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. దిగులు, బెంగ, గుబులు, చిరాకు, మనసు బాగోలేకపోవడం అంటూ బాధను చెప్పుకోవడానికి తెలుగులో లోటేముంది, ఈ ఇంగ్లిష్ గోల ఎందుకు? బాధ చెప్పుకోవడానికి తెలుగే మేలు, సందేహం లేదు. టర్కిష్ మాతృభాషగా ఉండి ఇంగ్లిష్ నేర్చినవారి మీద 2003లో ప్రచురితమైన అధ్యయనంలో, చిన్నప్పుడు విన్న మందలింపులు మాతృభాషలో వినిపించినప్పుడే ఒంట్లో స్పందన ఎక్కువగా కనిపించింది. 2012లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన బోయెజ్ కీసర్ బృందం, లాభనష్టాల ప్రశ్నను పరాయి భాషలో అడిగితే, అడిగిన తీరును బట్టి జవాబు మారడం తగ్గిందని చూపింది. పరాయి భాష బాధకు, మనిషికి మధ్య కాస్త దూరం పెడుతుందన్నమాట. సిగ్గుతో చెప్పలేని సంగతిని ‘యాంగ్జైటీ’ అని చెప్పగలగడం ఆ దూరం చేసే మేలు. అదే దూరం నిజమైన వేదనను పలచన చేసి ఒక లేబుల్‌గా మార్చడం కీడు. అందుకే డాక్టరు ముందు బాధ తెలుగులో చెప్పాలి, చేతికొచ్చిన కాగితం ఇంగ్లిష్‌లో చదవాలి. రెండూ వచ్చినవాడికే రెండు మేళ్లూ దక్కుతాయి.

మాటలు నేర్పితే జబ్బులు పెరుగుతాయన్నది ఇంకో అభ్యంతరం. దీన్నీ కొట్టిపారేయలేం. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త నిక్ హాస్లమ్, ట్రామా లాంటి పదాల పరిధి క్రమంగా విస్తరించి మామూలు ఇబ్బందులను కూడా మింగేస్తోందని 2016లో వాదించారు. అవగాహన ప్రచారాలే కొందరు సాధారణ దిగులును జబ్బుగా చూసుకునేలా చేస్తున్నాయేమోనని పరిశోధకులు లూసీ ఫౌల్క్స్, జాక్ ఆండ్రూస్ 2023లో ప్రతిపాదించారు. అయితే మన దేశంలో రెండో వైపు కూడా చూడాలి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో పెద్దల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత కనిపించింది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు గనక ఈ అంకెలను యథాతథంగా మనకు అన్వయించలేం. కానీ చికిత్స అందనివాళ్లు మన దగ్గర తక్కువని నమ్మడానికి ఆధారమూ లేదు. పేరు అనవసరంగా తగిలించుకునేవాళ్లు ఒకవైపు, పేరే తెలియక నలిగేవాళ్లు మరోవైపు ఉన్నప్పుడు మాటలు నేర్పడం మానేస్తే రెండోవాళ్లు నష్టపోతారు. కొలతతో నేర్పితే ఇద్దరికీ పనికొస్తుంది. ‘రెండు వారాలైందా, పనులు ఆగిపోతున్నాయా’ అన్న ప్రశ్న మొదటివాణ్ని నెమ్మదింపజేస్తుంది, రెండోవాణ్ని ఆసుపత్రికి పంపుతుంది. సొంతంగా జబ్బు నిర్ధారించుకోమని ఎవరూ అనడం లేదు. ఎప్పుడు అడగాలో తెలుసుకోమంటున్నాం.

కాబట్టి పాఠ్యపుస్తకాలు రాసేవారికి, కోచింగ్ సెంటర్ల వారికి, ఇంగ్లిష్ టీచర్లకు ఒక విన్నపం. ఈ కోవకు చెందిన ప్రతి మాట పక్కన అర్థంతో పాటు మూడు సంగతులు రాయండి: ఎన్నాళ్లుంటే పట్టించుకోవాలి, దైనందిన జీవితంలో ఏది ఆగిపోతుంది, ఎవరిని కలవాలి. వాటి కింద 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కూడా వేయండి. ఆ నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఒక్క ఇంగ్లిష్ ముక్క రాకపోయినా అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.