వాల్వుల రేడియో కొనే ముందు

హిందూపురం పాత సామాన్ల అంగట్లో మర్ఫీ వాల్వుల రేడియో కంటపడితే కొనండి, కానీ అక్కడే ప్లగ్గు పెట్టి చూడొద్దు. ఏళ్ల తరబడి మూలన పడ్డ సెట్టులో ఫిల్టరు కండెన్సర్లు పాడై ఉంటాయి. నేరుగా 230 వోల్టులు ఇస్తే అవి షార్టయి ట్రాన్స్‌ఫార్మరునే కాల్చేయొచ్చు. ముందు వెనక అట్ట విప్పించండి. కాయిల్ తీగల్ని ఎలుకలు కొరికాయా, ట్రాన్స్‌ఫార్మరు నుంచి మైనం కరిగి కారిందా, స్టేషన్ల పేర్లున్న డయలు అద్దం బాగుందా చూసుకోండి. కండెన్సర్లు బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి, వెతికితే వాల్వులూ దొరక్కపోవు. ఆ అద్దం పగిలితే మాత్రం మళ్లీ రాదు. లోపలి ఛాసిస్ పీకేసి బ్లూటూత్ స్పీకరు పెట్టించేవాళ్లను చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టి మరీ మనవాళ్లు సిలోన్ పాటలు, 1957 నుంచి వివిధభారతి విన్న యంత్రమది. నిజమే, ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్ల గోలలో ఈరోజు మీడియంవేవ్ గరగరమంటుంది. అయినా రాత్రి లైట్లార్పి వింటే ఆ గొంతులోని నిండుదనం వేరు. సిరీస్ బల్బు పెట్టి జాగ్రత్తగా కరెంటిచ్చే పాతకాలపు మెకానిక్కు ధర్మవరంలోనో పెనుకొండలోనో ఉన్నాడేమో కనుక్కుని, ఆ తర్వాతే బేరానికి దిగండి.