గాయకుని గ్రాసము

మన గృహములలో వివాహము నిశ్చయమైనంతనే వంటవానితో బేరము కుదురును. పందిరివానికి బయానా ముట్టును. పూలవానికిని, ఛాయాచిత్రములు తీయువానికిని ఇయ్యవలసిన మొత్తము కాగితముమీఁద కెక్కును. సాయంకాలపుఁ గచేరికి గాయకుని బిలుచునపుడు మాత్రము నోట రూపాయి మాట వెడలదు. “తమవంటి విద్వాంసులతో బేరమా? తగిన సంభావన జరిపింతుము” అందురు. అలంకారశాస్త్రమున సంభావన యనఁగా నుత్ప్రేక్ష. ఒకదానిని మఱియొకటిగా నూహించుట. గాయకుని సంభావనయు ననేక పర్యాయము లా యర్థమునకే చెందుచున్నది. శాలువ నిజము, పూలదండ నిజము, పైకము ఊహ.

ఈ యన్యాయమును సమర్థించుటకు విద్యను విక్రయింపరాదను మాట యొకటి సిద్ధముగా నున్నది. కొందఱు కాళిదాసునుగూడ సాక్ష్యమునకుఁ బిలుతురు. కేవలము జీవనమునకే విద్య గలవాఁడు జ్ఞానమును సరకు చేసికొన్న వర్తకుఁడని మాళవికాగ్నిమిత్రమున నున్న మాట నిజమే. కాని యా మాట పలికిన దెవరో వీరు చూడరు. పలికినవాఁడు గణదాసుఁడు; రాజునొద్ద వేతనము గొనుచు నాట్యము నేర్పు నాచార్యుఁడు. అతఁడు నిందించినది వేతనమును గాదు; కొలువు దొరకినది గదా యని, వాదమునకు వెఱచి, పరుల నిందను సహించి యూరకుండువానిని. ఇట్టి యాచార్యులకు వేతన మిచ్చుట వ్యర్థమని యా యంకముననే పలుకువాఁ డింకొకఁడు కలఁడు. అతఁడు విదూషకుఁడు. మన పెద్దలు తమకుఁ దెలియకయే విదూషకుని పక్షమున నిలుచుచున్నారు.

మఱికొందఱు త్యాగరాజస్వామిని (1767–1847) జూపుదురు. ఆయన రాజాశ్రయమును వలదని యుంఛవృత్తిచే జీవించెనని ప్రసిద్ధి. కాని యుంఛవృత్తి యన నేమి? వీధిలోఁ గీర్తన వినిన గృహిణి బియ్యము తెచ్చి పాత్రలోఁ బోయుటయే గదా. నేఁటి శ్రోతలు కీర్తనను మాత్రము వినుచున్నారు, బియ్యమును మఱచినారు, వైరాగ్యమును గాయకునికే విడిచినారు.

పూర్వ మీ భారమును మోసినవా రుండిరి. విజయనగర సంస్థానము 1919లో సంగీత కళాశాలను నెలకొల్పి, ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రథమాధ్యక్షులుగా నియమించెను. ద్వారం వేంకటస్వామినాయుడుగా రచ్చటనే వాయులీనమును బోధించిరి. అచ్చటఁ జదివిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు ఇంటింట మధుకరమెత్తి భుజించి విద్య సాధించిరి. సంస్థానము మోసినది కొంత. గృహములు మోసినవి కొంత. 1948 నాఁటి చట్టముతో జమీందారీలు పోయినవి. పోవలసినవే, అందులకు మాకు విచారము లేదు. ఆ సంవత్సరమే డిసెంబరు 1న విజయవాడలో నాకాశవాణి కేంద్రము వెలసెను. అచ్చట శ్రేణినిబట్టి పారితోషికము ముందుగనే నిర్ణయమగును. కాని యట్టి పిలుపులు గాయకునికి ఏఁటికిఁ గొన్ని దినములే. కళాశాలలలోని కొలువులు కొలఁదిమందికే. తక్కినవా రందఱును మన గుమ్మములకే వచ్చుచున్నారు.

కొలువులేని సంగీతోపాధ్యాయుని సంవత్సర మెట్లు గడచునో కొంచెము లెక్కింపుఁడు. శ్రీరామనవమి పందిళ్లకు, దసరా యుత్సవములకు, ముహూర్తములున్న మాసములలోఁ బెండ్లిండ్లకు పిలుపులు వచ్చును. ఆషాఢమునఁ బెండ్లిండ్లు లేవు; ఇంటియద్దెకు మాత్రము ఆషాఢము లేదు. ఫిబ్రవరి మొదలు పిల్లలు పరీక్షలని పాఠము మానుదురు. పిమ్మట వేసవియని యూరికిఁ బోవుదురు. “రాని దినములకు రుసుమేల?” అని తల్లిదండ్రు లడుగుదురు. ఆ బిడ్డ కొఱకు నిలిపిన గంటను గురువు మఱియొకరి కిచ్చుకొనఁడు గదా! మేము బడిపంతులము. వేసవిలో మాకు బడి లేదు, జీతము కలదు. దాని నెవ్వరును తప్పుపట్టలేదు. సమాసములు చెప్పువానికి న్యాయమైనది సరళీవరుసలు చెప్పువాని కేల యన్యాయము? ఆ గురువు తెల్లవాఱుజామున లేచి, తెరముందఱఁ గూర్చుండి, అమెరికాలోని తెలుఁగు బిడ్డకుఁ బాఠము చెప్పుచున్నాఁడని వగచుట వలదు. నెలమొదట రుసుము పంపువారికే యా గంట దక్కును.

ప్రక్కవాద్యములవారి గతి యింకను హీనము. వాయులీనపుఁ దీఁగలు తెగును. మృదంగమునకుఁ గ్రొత్త చర్మము వేయింపవలయును. అయినను వారి వంతు గాయకుని వంతు తేలినపిదపనే తేలును. యువకులకైతే “వేదిక నిచ్చుటయే పారితోషికము” అందురు. ఆ వేదికను వండుకొని తిను విధ మేదియో సభలవారు సెలవియ్యవలయును.

దీని ఫలము కళ కొక్కదానికే గాదు, సంఘమునకును దగులును. కూలినాలి చేసికొనువాని బిడ్డకు కంఠమున్నను, పదేండ్లు సాధనచేసి వట్టిచేతులతో నుండుట కా యిల్లు ఓర్వఁజాలదు. ఆస్తిపాస్తులున్నవారి బిడ్డలే మిగులుదురు. జన్మమునుబట్టి విద్య యను దానిని ముందు వాకిటఁ దఱిమి, ధనమునుబట్టి విద్య యను దానిని దొడ్డిదారినఁ బిలుచుట సంస్కార మనిపించుకొనునా?

చదువరులారా, మేము కోరునది దానము గాదు. పిలిచిననాఁడే మొత్తము చెప్పుఁడు. ప్రక్కవాద్యములవారి భాగమును వేఱుగఁ జెప్పి, వేఱుగ వారి చేతి కిండు. పాఠపు రుసుమును, బిడ్డ వచ్చినను రాకున్నను, నెలమొదటనే చెల్లింపుఁడు. వేదిక యెక్కించిన యువకుని వట్టిచేతులతోఁ బంపకుఁడు. పిదప శాలువ కప్పఁ గోరినచోఁ గప్పుఁడు. దాని వెలను మాత్రము పారితోషికమున మినహాయింపకుఁడు.