పార్కు గేటుకు పగలు తాళమెందుకు?

విజయనగరం: సోమవారం నాడు కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వాలంటే మెంటాడ, దత్తిరాజేరు, గంట్యాడ పల్లెల వాళ్లు కోడి కూతతో లేచి బయల్దేరుతారు. పెద్దాసుపత్రిలో చీటీ రాయించుకోవలసిన వాళ్లు, కోర్టు వాయిదాలకు వచ్చేవాళ్లు కూడా ఆ బస్సులకే ఎక్కుతారు. పన్నెండు గంటలకల్లా వచ్చిన పని అవుతుంది, లేదా వచ్చే వారానికి వాయిదా పడుతుంది. తిరుగు బస్సు మూడు గంటలకు. ఈ మధ్య వేళ ఎక్కడ కూర్చోవాలి? కేరేజీలో కట్టుకు వచ్చిన అన్నం ఎక్కడ తినాలి? చంటిపిల్లను ఎత్తుకొచ్చిన తల్లి ఏ నీడన ఆగాలి? హోటల్లో కూర్చోవాలంటే టీ అయినా తాగాలి. బస్‌స్టాండులో బల్లలు చాలవు. పట్నంలో డబ్బు అడగకుండా కూర్చోనిచ్చే చోటు పార్కు ఒక్కటే. ఆ వేళకు పార్కు గేటుకు తాళం ఉంటుంది.

ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరవడం మన పట్టణాల్లో చాలా పార్కులకు అలవాటుగా వస్తున్న పద్ధతి. షుగరు, రక్తపోటు ఉన్నవాళ్లు నడవడానికి అనువుగా ఈ వేళలు పెట్టారు. నడిచేవారిని తప్పు పట్టవలసిన పని లేదు, డాక్టర్లే నడవమంటున్నారు. కాని పార్కు నడిచేవారి కోసమే అన్నట్లు తయారు కావడం విచారకరం. ఎండ మండే వేళ నీడకు తాళం వేసి, ఎండ చల్లారాక తెరవడంలోని తర్కం పల్లెటూరి మనిషికి బోధపడదు.

పగలు తెరిస్తే పేకాటరాయుళ్లు, తాగుబోతులు చేరతారన్నది తాళం వేసేవారు చెప్పే కారణం. ఇందులో నిజం లేకపోలేదు. అయితే తాళం వేసిన పార్కుల్లో కూడా మూలల్లో సీసాలు దొరుకుతూనే ఉన్నాయి. గోడ దూకగలవాడికి తాళం అడ్డు కాదు. ముసలివాళ్లకు, ఆడవాళ్లకు మాత్రమే అది అడ్డు. ఆడా మగా పిల్లా పాపా మసిలే చోట సీసా తీయడానికి ఎవడైనా కాస్త జంకుతాడు. జనం లేని చోటే వాడికి కావాలి.

చెరువు గట్లే అసలు పార్కులు

విజయనగరానికి పార్కులంటే పట్నం వాళ్లకు గోడ, గేటు, సిమెంటు జింక గుర్తుకు రావచ్చు. ఊరి పెద్దలకు గుర్తుకొచ్చేవి గట్లు. పెద్దచెరువు, అయ్యకోనేరు ఊరి మధ్యలోనే ఉన్నాయి. 1713లో కట్టిన కోట చుట్టూ ఎదిగిన ఊరు ఇది. పైడితల్లి అమ్మవారి విగ్రహం దొరికింది పెద్దచెరువులోనే అని భక్తుల నమ్మకం. సిరిమాను తర్వాత తెప్పోత్సవం జరిగేది కూడా ఆ చెరువులోనే. పూర్వం గట్టు మీద నడవడానికి ఎవరూ ట్రాక్ అని పేరు పెట్టలేదు. స్నానానికి, గుడికి, పనికి పోయే మనిషి ఎటూ ఆ దారినే నడిచేవాడు.

చెరువు బాగుంటేనే గట్టు బాగుంటుంది. మురుగుకాలువ చెరువులోకి తిప్పి, గట్టు మీద రంగు పలకలు పరిస్తే నడిచేవాడు ముక్కు మూసుకునే నడవాలి. మురుగు చేరిన నీటిలో గుర్రపుడెక్క అల్లుకుంటుంది. ఒకసారి తీస్తే నెల తిరిగేసరికి మళ్లీ మొలుస్తుంది, ఎందుకంటే దానికి ఎరువు మురుగు రూపంలో రోజూ అందుతూనే ఉంటుంది. డెక్క తీసే కాంట్రాక్టు ఏటా ఇవ్వడం కన్నా మురుగు నోరు ఒక్కసారి మళ్లించడం చౌక. కాని కాలువ మళ్లించిన పని పైకి కనబడదు, ఫోటోకు రాదు.

2018 తర్వాత మూడేళ్లపాటు కలెక్టరుగా ఉన్న డాక్టర్ ఎం. హరి జవహర్‌లాల్ హయాంలో ఇక్కడ చెరువు గట్ల శుభ్రం, మొక్కలు నాటడం ఒక ఉద్యమంగా సాగాయి. తెల్లవారుజామున అధికారులు, ఉద్యోగులు, విద్యార్థులు పలుగూ పారా పట్టి చెత్త ఎత్తారు. ఊరి జనానికి ఆ రోజులు ఇంకా గుర్తే. అయితే ఉద్యమానికి నాయకుడు కావాలి, నాయకుడికి బదిలీ ఉంటుంది. గట్టుకు బదిలీ లేదు. ఒక అధికారి ఇష్టం మీద నడిచిన పనిని ఆఫీసు పద్దులోకి, నౌకరు విధుల్లోకి ఎక్కించకపోతే ఆయన వెనకే అదీ పోతుంది. ఈ మాట ఏ ఒక్కరినీ నిందించడానికి కాదు, పద్ధతి అలా ఉంది.

కట్టడానికి డబ్బు, కాపాడడానికి లేదు

2015లో కేంద్ర ప్రభుత్వం దేశంలో 500 పట్టణాలకు అమృత్ పథకం ప్రకటించింది. విజయనగరం, శ్రీకాకుళం రెండూ అందులో ఉన్నాయి. ముఖ్యంగా మంచినీరు, మురుగునీటి పనులకు ఉద్దేశించిన ఆ పథకంలో పార్కులకూ, పచ్చదనానికీ కొద్దిపాటి వాటా ఉంది. వాటిని స్థానికులే నిర్వహించుకునే ఏర్పాటు ఉండాలన్న మాట కూడా అందులోనే ఉంది. కొత్త పార్కుకు డబ్బు ఢిల్లీ నుంచి వస్తుంది. తోటమాలి జీతం, మోటారు కరెంటు బిల్లు, విరిగిన ఉయ్యాల గొలుసు మాత్రం పట్టణం సొంత ఖర్చే. పన్నుల రాబడిలో తాగునీరు, చెత్త, వీధిదీపాలు పోగా మిగిలిన దాంట్లో పార్కు వంతు చివరిది. అందుచేత పార్కు పాడయ్యేదాకా ఎవరూ ముట్టుకోరు. బాగా పాడయ్యాక కొత్త పథకంలో మళ్లీ కడతారు. మరమ్మతు చేయిస్తే శిలాఫలకం ఉండదు కదా!

పాడయ్యే వరస కూడా అన్ని చోట్లా ఒకటే. మొదట బోరు మోటారు కాలుతుంది. నీళ్లు లేక పచ్చిక ఎండుతుంది. పచ్చిక పోయాక తోటమాలిని వేరే పనికి వేస్తారు. మరుగుదొడ్డికి తాళం పడుతుంది. మరుగుదొడ్డి లేని పార్కుకు ఆడవాళ్లు రావడం తగ్గిస్తారు. దీపాలు పోతాయి, చీకటి పడ్డాక ఎవరూ రారు. అప్పుడు సీసాల వాళ్లు వస్తారు. ఈ వరసలో మొదటి మెట్టు దగ్గర ఆపడానికి అయ్యేది ఒక మోటారు చుట్టింపు ఖర్చు.

పచ్చిక మీద మోజు కూడా తగ్గాలి. రోజూ తడపవలసిన గడ్డికి పోసే నీళ్లతో ఎన్నో చెట్లు బతుకుతాయి. చెట్టుకు మొదటి రెండు మూడు వేసవులు నీళ్లు పోస్తే చాలు, తర్వాత దాని బతుకు అదే బతుకుతుంది. మన ప్రాంతంలో ఏ చెట్టు నిలుస్తుందో తుపాన్లు నేర్పాయి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌కు విశాఖ, విజయనగరం వీధుల్లో మహావృక్షాలు వేళ్లతో సహా లేచిపోయాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానం తోటలను పడగొట్టింది. ఆ దెబ్బ తిన్న తర్వాత కూడా త్వరగా పెరుగుతుందని, పశువులు ముట్టవని కోనోకార్పస్ వంటి పరాయి మొక్కలు పట్టణాల్లో వరసలుగా పాతారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ మొక్కను నిషేధించింది. వేప, కానుగ, చింత, మర్రి మన ఊళ్లలో నర్సరీకి పోకుండానే దొరుకుతాయి.

చింత మాట వచ్చింది కనుక ఇంకొక సంగతి. పైడితల్లి సిరిమానుకు ఏటా నిడుపాటి చింతమాను కావాలి. అమ్మవారు పూజారి కలలో చూపిన చెట్టును పల్లెలకు పోయి వెదికి తెస్తారు. ఇచ్చిన రైతు అదృష్టమనుకుంటాడు. ఏటా మాను తెచ్చుకునే పట్నం, గట్ల వెంట నాలుగు చింతమొక్కలు పాతుకుంటే అమ్మవారు కాదంటుందా?

పాతిన మొక్కకు ఇనుప కంచె చుట్టూ పెడతారు. మొక్క చెట్టయ్యాక ఆ కంచె తీసేవాడు ఉండడు. ఇనుము బెరడులోకి దిగి చెట్టు మెడ నొక్కుతుంది. మొదలు చుట్టూ సిమెంటు పోస్తే వాన నీరు వేరుకు అందదు. ఇవి డబ్బుతో పని లేని తప్పులు. ఒక మనిషి ఒక రంపం పట్టుకుని వారం రోజులు తిరిగితే సరిపోతుంది.

లేఅవుట్లలో పదో వంతు ఎక్కడ?

పట్నం శివార్లలో పొలాలు ప్లాట్లవుతున్నాయి. నిబంధన ప్రకారం లేఅవుట్ విస్తీర్ణంలో కనీసం పది శాతం ఖాళీ స్థలంగా విడిచి స్థానిక సంస్థకు రాసి ఇవ్వాలి. పది ఎకరాల లేఅవుట్‌లో ఎకరం పిల్లలకు, చెట్లకు అన్నమాట. కాగితం మీద పచ్చరంగు పూసిన ఆ ఎకరం కొన్ని చోట్ల చెత్తకుప్ప అవుతుంది, కొన్ని చోట్ల ఎవరిదో పశువుల పాక అవుతుంది. గుడి కడితే ఇక ఎవరూ నోరెత్తరు. ప్లాటు కొన్నవాడు డబ్బు కట్టింది ఆ ఎకరం చూపించిన నక్షాను చూసే. బెంగళూరులో పార్కుకు విడిచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే ఆ వీధి నివాసులు కోర్టుకెక్కారు. ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆసుపత్రి మంచిదే అయినా పిల్లల స్థలం తీసుకోవడానికి వీల్లేదన్నమాట. ఇక్కడ కూడా ప్రతి వార్డులో అటువంటి ఖాళీ స్థలాల జాబితా సర్వే నంబర్లతో సహా బోర్డు కట్టి పెడితే సగం ఆక్రమణలు మొదలు కాకుండానే ఆగుతాయి.

శ్రీకాకుళం పరిస్థితి వేరు. అక్కడ దేవుడిచ్చిన గట్టు నాగావళి. ఊరిని రెండుగా చీల్చుకుని పారే నది ఒడ్డున నడిచే దారి వేయడానికి కొత్త స్థలం కొననక్కరలేదు. వరదకు మునిగే చోట సిమెంటు కట్టడాలు మాత్రం వద్దు. నది ఒకసారి వచ్చి తన స్థలం చూసుకుపోతుంది. మట్టి బాట, రాతి మెట్లు, గట్టు పట్టే చెట్లు చాలు. అన్నిటికన్నా ముందు చెత్త ట్రాక్టర్లు ఒడ్డుకు రాకుండా ఆపాలి.

ఎవరు చూడాలి?

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఏటా శీతకాలానికి గూడకొంగలు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. పక్షులు రావడం ఊరికి శుభమని గ్రామస్థులు నమ్ముతారు. ఇళ్ల మధ్య రెట్టల వాసన భరిస్తూ తరతరాలుగా వాటికి హాని జరగకుండా చూసుకుంటున్నారు. పక్కన ఉండేవాడు తనదనుకుంటే ఎంత పని జరుగుతుందో అక్కడ చూడవచ్చు. పట్నం పార్కు ఎవరిది? ప్రక్కవీధి వాడికి తనదని తోచే ఏర్పాటు ఏదీ లేదు.

పట్టణాల్లో మెప్మా కింద మహిళా సంఘాలున్నాయి. ఒక్కో పార్కును ఒక్కో సంఘానికి అప్పగించి, తోటపనికి నెలనెలా కూలి ఇచ్చి, లోపల ఒక టీ కొట్టుకు అనుమతిస్తే వాళ్లే గేటు తెరుస్తారు, మరుగుదొడ్డి కడుగుతారు, దీపం పోతే గొడవ చేస్తారు. సరిహద్దుకు అవతల ఒడిశా 2020లో పట్టణ కూలీలకు పని కల్పించే పథకం పెట్టి, పట్టణాల్లో చిన్న చిన్న పనులు కాంట్రాక్టర్లు లేకుండా సంఘాల ద్వారా చేయించింది. ఇక్కడి సంఘాల ఆడవాళ్లు అంతకన్నా తక్కువ వాళ్లు కారు. ప్రవేశ రుసుము పెట్టి నిర్వహిస్తామనే సలహా ఒకటి అప్పుడప్పుడు వినిపిస్తుంది. అది తగదు. నడకకు కారులో వచ్చేవాడు పది రూపాయలు లెక్క చేయడు. అర్జీ పట్టుకొచ్చిన ముసలమ్మకు పది రూపాయలంటే బస్సు చార్జీలో భాగం.

నగరపాలక సంస్థ బడ్జెట్ ఏటా వేసవి ముంగిట వస్తుంది. పార్కుల నిర్వహణకు కొత్త నిర్మాణంతో కలపకుండా విడిగా ఒక పద్దు వేయాలని, ఏ పార్కుకు ఎంత ఖర్చయిందో గేటు దగ్గర బోర్డు మీద రాయాలని పౌరులు కోరవలసి ఉంది. మోటార్లు, దీపాలు, మరుగుదొడ్లకు కొంత వ్యవధి పట్టవచ్చు. గేటు తాళం సంగతి వేరు. దానికి టెండరు, అంచనా, పై ఆఫీసు మంజూరు ఏవీ అక్కరలేదు. కమిషనర్ ఒక కాగితం మీద సంతకం చేస్తే వచ్చే సోమవారానికే పల్లె నుంచి వచ్చినవాళ్లు చెట్టు కింద కేరేజీ విప్పుకోవచ్చు. తాగడానికి ఒక కుళాయి కూడా ఉంటే మంచిది.