శివారుకు నీరందే కోడ్

లొల్ల లాకుల దగ్గర గోదావరి కాలువ చీలుతుంది. ఒక పాయ అమలాపురం వైపు వెళ్తే ఇంకొకటి గన్నవరం వైపు సాగుతుంది. గన్నవరం నీరు వైనతేయ నది దాటి రాజోలు వైపు చేలకు చేరాలంటే అక్విడెక్టు ఎక్కాల్సిందే. కాటన్ దొర కాలంలో లెఫ్టినెంట్ హేగ్ 49 కమానుల మీద కట్టిన పాతదైనా, ఇప్పుడున్న కొత్తదైనా, పైన ఎన్ని తలుపులెత్తినా మోయగలిగినంతే మోస్తుంది. గోదావరి తగ్గిన ఏడు దాళ్వాకు వంతులు పెట్టేది అందుకే. శివారు చేను తడవాలంటే ఎగువ చేను కాసేపు ఆగాలి.

ఈ నీతి తెలిసిన ఊళ్లలో పుట్టి, ప్రోగ్రాములు రాసి బతుకుతున్న మన పిల్లలు కోడ్ దగ్గరకొచ్చేసరికి వంతు మాట మరిచిపోతున్నారు.

జావాస్క్రిప్టులో 5,000 పేర్ల జాబితా ఉందనుకోండి. ఒక్కో పేరుకూ సర్వర్ నుంచి వివరాలు తెచ్చే అసింక్ ఫంక్షన్ రాసి, జాబితా మీద మ్యాప్ నడిపి, వచ్చినదాన్ని ప్రామిస్.ఆల్‌కు అప్పగిస్తారు. ఒకేసారి ఎన్ని నడవాలో అది అదుపు చేస్తుందని చాలామంది నమ్మకం. ప్రామిస్.ఆల్ చేసేది ఎదురుచూడటమే. మ్యాప్ నడిచినప్పుడే 5,000 పనులూ మొదలైపోయాయి. అవతల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంటే, సెట్టింగు మార్చకపోతే అది ఒప్పుకునేది 100 కనెక్షన్లే. కొన్ని సర్వర్లు మితిమీరి అడుగుతున్నావంటూ 429 సంకేతంతో తిప్పి పంపుతాయి. కొన్ని కుప్పకూలుతాయి.

పదేసి చొప్పున విడగొట్టి పంపితే సగం రోగమే కుదురుతుంది. తొమ్మిది ముగిసినా పదోది ఆలస్యమైతే తొమ్మిది చోట్లూ ఖాళీగా పడి ఉంటాయి. పది చోట్లు పెట్టుకుని, ఒకటి ఖాళీ కాగానే వరుసలో తర్వాతిదాన్ని వదలడం మేలు. కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1960లలోనే సెమాఫోర్ పేరుతో దీనికి దారి చూపాడు. పైథాన్‌లో అసింక్‌ఐఓ సెమాఫోర్, జావాస్క్రిప్టులో పీ-లిమిట్ లైబ్రరీ ఈ పనికే ఉన్నాయి. సొంతంగా రాసుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: పని విఫలమైనా చోటు ఖాళీ చేయాలి. లేకపోతే చోట్లు ఒక్కొక్కటే పోయి చివరికి మొత్తం ఆగిపోతుంది.

ఒకేసారి నడిచేవాటికి హద్దు ఎంత? కొలిచి చూడాలి. 5, 10, 20 అని పెంచుకుంటూ పోతే ఒక దశ దాటాక పని వేగం పెరగదు, ఒక్కో జవాబుకు పట్టే సమయమే పెరుగుతుంది. అక్కడ ఆగాలి. ఒక మెషీన్‌లో 10 అని పెట్టి అలాంటివి పది నడిపితే అవతలికి 100 పడుతున్నట్టే.

హద్దు పెడితే వేగం పోతుందనేవారికి నా జవాబు ఒకటే. ఆ సర్వర్ మీ ఒక్కరిదీ కాదు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న లంక గ్రామంలో సర్టిఫికెట్టుకు దరఖాస్తు పెడుతున్న మనిషి కూడా అలాంటి డేటాబేస్ మీదే ఆధారపడతాడు. కనెక్షన్లన్నీ మీ ప్రోగ్రామే పట్టేస్తే అతని తెర మీద ఎర్రర్ వస్తుంది. కారణం అతనికి ఎప్పటికీ తెలియదు.

ఇంజనీరింగ్ కాలేజీల్లో అసింక్, అవెయిట్ నేర్పిన రోజే హద్దు పెట్టడమూ నేర్పాలి. ఉద్యోగంలో సీనియర్లు జూనియర్ల కోడ్ చూసేటప్పుడు ఒకేసారి ఎన్ని నడుస్తాయని అడగాలి. అంకె చెప్పలేకపోతే ఆ కోడ్‌ను వెనక్కి పంపాలి.

— వైనతేయ